యూఎక్స్ డిజైన్, ఫ్రంటెండ్ రెండూ కలిపి నేర్చుకోవచ్చా? టెస్టింగ్ నుంచి వచ్చేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసినదాన్ని బట్టి మీ వయసు 26 ఏళ్లు. ఈసీఈలో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో రెండున్నరేళ్లుగా మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్నారు. ఇప్పుడు యూఎక్స్ డిజైన్ (వాడేవారి అనుభవాన్ని రూపొందించే పని), ఫ్రంటెండ్ డెవలప్‌మెంట్ (తెర మీద కనిపించే భాగానికి కోడ్ రాసే పని) వైపు రావాలనుకుంటున్నారు. మీరు అడిగినవి మూడు: రెండూ నేర్చుకోబోతే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు అవుతుందా, అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సుకు డబ్బు కట్టడం మంచిదేనా, ఉద్యోగం మానేసి పూర్తి సమయం చదవాలా. నేను 2008లో ఫోటోషాప్ ఫైళ్లను ముక్కలుగా కోసి వెబ్ పేజీలుగా మార్చే పనితో ఈ రంగంలోకి వచ్చాను. తరువాత డిజైన్ వైపు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ కోడ్ వైపు వచ్చాను. ఆ అనుభవంతో ఈ మూడింటికీ కాస్త వివరంగానే సమాధానం రాస్తున్నాను.

మొదటి ఏడాది రెండూ నేర్చుకోండి. ఆ తరువాత మీ మనసు, మీకు వచ్చే పని ఎటు లాగితే అటు మొగ్గండి. కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టవద్దు. ఉద్యోగం అసలే మానవద్దు. ఎందుకు ఇలా అంటున్నానో చెప్పాలంటే ఒక ఫారం కథ చెప్పాలి.

2019లో మా బృందం ఒక రోగ నిర్ధారణ కేంద్రం కోసం పరీక్షలకు ముందుగా సమయం తీసుకునే పేజీని తయారుచేసింది. పేజీ చూడముచ్చటగా ఉండేది, టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి. విడుదలకు ముందు వరంగల్‌లో ఆ కేంద్రానికి వచ్చినవారిలో ఐదుగురి పక్కన కూర్చుని, వారు తమ ఫోన్‌లో ఆ పేజీని ఎలా వాడతారో చూశాం. వారిలో ఒకరు 1958లో పుట్టిన విశ్రాంత ఉపాధ్యాయులు. పుట్టిన తేదీ గడిని తాకగానే ఆ నెల క్యాలెండర్ తెరుచుకుంది. పైన చిన్న అక్షరాల్లో ఉన్న సంవత్సరాన్ని తాకితే సంవత్సరాల జాబితా వస్తుందని ఆయనకు తెలియదు, తెలిసే మార్గమూ మేము పెట్టలేదు. ఆయన ఎడమవైపు బాణం గుర్తును ఓపికగా నొక్కుతూ వెళ్లారు. ఇరవై నాలుగు సార్లు నొక్కాక 2017కు చేరారు. అదే దారిన 1958 దాకా వెళ్లాలంటే ఏడు వందల సార్లకు పైగా నొక్కాలి. ఆయన కళ్లజోడు తీసి, ఫోన్‌ను పక్కనే ఉన్న మనవడికి ఇచ్చి, "నువ్వే కొట్టరా, నాకు ఇవన్నీ రావు" అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి చేత తనకు రాదని అనిపించింది మా పేజీ. కార్యాలయంలో మేమందరం ఆ ఫారాన్ని వందల సార్లు నింపాం, కానీ ప్రతిసారీ కళ్ల ముందు కనిపించిన నెలలోనే ఏదో ఒక తేదీని తాకి ముందుకు వెళ్లిపోయాం. మా టెస్ట్ కేసులో రాసి ఉన్నది "తేదీని ఎంచుకోగలగాలి" అని మాత్రమే. ఏ తేదీని, ఎవరు, ఎన్నేళ్ల వెనక్కి అన్నది ఎక్కడా లేదు.

పరిష్కారం చాలా సులువైనది: రోజు, నెల, సంవత్సరం అని మూడు గడులు పెట్టి, వాటిని తాకగానే అంకెల కీబోర్డు తెరుచుకునేలా చేయడం. మనిషికి ముందే తెలిసిన తేదీని అడిగేటప్పుడు ఇలాగే చేయాలని బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ సిస్టమ్ సూచిస్తుంది, అప్పటికి నేను దాన్ని చదవలేదు. వెబ్ పేజీలను రాసే భాష హెచ్‌టీఎంఎల్ మీద నాకు పట్టు ఉండటం వల్ల ఆ మార్పును నేనే కోడ్‌లో చేసి, అదే వారంలో మరో నలుగురికి చూపించగలిగాను. నేను డిజైనర్‌ని మాత్రమే అయి ఉంటే ఆ మార్పు ఫిగ్మా అనే డిజైన్ సాధనంలో ఒక బొమ్మగా మారి, తరువాతి పని విడత (స్ప్రింట్) కోసం వరుసలో నిలబడేది. నేను కోడ్ రాసేవారిని మాత్రమే అయి ఉంటే ఆ ఉపాధ్యాయుడి పక్కన కూర్చునే అవకాశమే వచ్చేది కాదు. మనిషి ఎక్కడ తడబడ్డాడో చూసే కన్ను, చూసినదాన్ని సరిచేసే చెయ్యి ఒకరికే ఉంటే పని ఎంత త్వరగా జరుగుతుందో నేను ఆ వారంలో తెలుసుకున్నాను. ఈ రెండూ రెండు పడవలు అన్న మీ భయం అందుకే నాకు సరైనదిగా అనిపించదు.

మీ టెస్టింగ్ అనుభవాన్ని మీరు తక్కువగా చూస్తున్నారని మీ మాటల్లో తెలుస్తోంది. అది తప్పు. ఏ మెట్ల ద్వారా లోపం బయటపడుతుంది, ఏమి జరగాలి, నిజానికి ఏమి జరిగింది అని విడివిడిగా రాసే అలవాటు మీకు ఇప్పటికే ఒంటబట్టి ఉంటుంది. వాడకందారుల పరిశీలనలో సగం పని అదే. వాడకందారు నిజంగా ఏమి చేశాడో రాయకుండా, అతను ఏమి అనుకున్నాడో ఊహించి రాయడం కొత్తగా వచ్చిన డిజైనర్లు చేసే పెద్ద పొరపాటు. మీరు ఆ పొరపాటు చేయరు.

ఇక నేర్చుకునే క్రమం. చాలామంది నేరుగా రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో మొదలుపెడతారు, ఎందుకంటే ఉద్యోగ ప్రకటనల్లో కనిపించేది అదే. నేను వద్దంటాను. నేను వచ్చినప్పుడు అందరూ 2006లో వచ్చిన జేక్వెరీ నేర్చుకునేవారు. తరువాత యాంగులర్ అన్నారు, 2013లో రియాక్ట్ వచ్చింది. డిజైన్ వైపు చూస్తే ఫోటోషాప్ పోయి స్కెచ్ వచ్చింది, స్కెచ్‌ను ఫిగ్మా పక్కకు నెట్టింది. కానీ గడికి దాని పేరును కట్టిపెట్టే లేబుల్ ట్యాగు 1997లో హెచ్‌టీఎంఎల్ 4తో వచ్చినప్పుడు ఏ పని చేసేదో ఈనాటికీ అదే పని చేస్తోంది. అది ఉంటే, పేరును తాకినా గడి తెరుచుకుంటుంది, చూపు లేనివారి ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆ గడి పేరును చదివి వినిపిస్తుంది. అది లేకుండా పేరును ఉత్త అక్షరాలుగా రాసేస్తే కంటికి ఏ తేడా కనిపించదు, కాబట్టి ఎవరూ గమనించరు. ఇలాంటి పునాది విషయాలు ఒకసారి నేర్చుకుంటే ముప్పై ఏళ్లు పనికివస్తాయి.

అందువల్ల కోడ్ వైపు మొదటి రెండు మూడు నెలలు హెచ్‌టీఎంఎల్, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ తప్ప మరేదీ ముట్టుకోకండి. శీర్షికలు, జాబితాలు, పట్టికలు, ముఖ్యంగా ఫారాలు, దేనికి ఏ ట్యాగు వాడాలో చేతికి అలవాటు కావాలి. పేజీలోని అంశాలను అమర్చే సీఎస్ఎస్ పద్ధతులు ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ రెండింటినీ ఏ ఫ్రేమ్‌వర్క్ సహాయం లేకుండా, ఉత్త చేతులతో రాసి నేర్చుకోండి. ప్రతి వారాంతం మీరు రాసిన పేజీని మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో మాత్రమే వాడి చూడండి. చూడటానికి బటన్‌లా కనిపిస్తున్నా నిజానికి డివ్ అనే ఉత్త పెట్టె ట్యాగుతో కట్టినదాని మీద ట్యాబ్ ఆగదు, ఎంటర్ నొక్కితే పలకదు. ఆ చిన్న ప్రయోగం ఒక్క సాయంత్రంలో నేర్పే పాఠాన్ని నేను చూసిన చాలా కోర్సులు చివరిదాకా నేర్పవు.

తరువాత నాలుగైదు నెలలు జావాస్క్రిప్ట్. పేజీలోని అంశాలను పట్టుకోవడం, ఘటనలకు స్పందించడం, సర్వర్ నుంచి సమాచారం తెచ్చుకోవడం, అది రానప్పుడు వాడకందారుకు ఏమి చూపించాలో నిర్ణయించడం దాకా రావాలి. కోడ్‌లో చేసిన మార్పులను భద్రపరిచే గిట్ అనే సాధనాన్ని మొదటి రోజు నుంచే వాడండి. ఇవి కుదిరాక రియాక్ట్, దానితోపాటు టైప్‌స్క్రిప్ట్ నేర్చుకుంటే అవి కొరకరాని కొయ్యలుగా అనిపించవు. రోజుకు గంటన్నర, వారాంతాల్లో నాలుగైదు గంటలు వెచ్చించగలిగితే ఇదంతా సుమారు ఏడాది పని. ఆరు నెలల్లో అంతా వచ్చేస్తుందని చెప్పేవారిని నమ్మకండి.

వేగాన్ని కూడా డిజైన్‌లో భాగంగానే చూడండి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని, తాకిన తరువాత 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలని గూగుల్ కొలమానాలు చెబుతాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఇవి ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఇంట్లో ఎవరి దగ్గరైనా నాలుగేళ్ల పాత ఫోన్ ఉంటే దానిలో తెరిచి చూడండి.

తెలుగువారిగా మీకు ఒక అదనపు బలం ఉంది, దానిని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను కొంచెం ఎక్కువే చెబుతాను. ఎక్కువ డిజైన్ ఫైళ్లు ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో తయారవుతాయి, తెలుగు చివర్లో వచ్చి అందులో ఇరుక్కుంటుంది. ఒకసారి నేను పనిచేసిన ఒక యాప్‌లో "నిర్ధారించు" అని రాసిన బటన్ తెర మీద "నిరారించు" అని కనిపించింది. అనువాదంలో తప్పు ఉందని అనువాదకురాలికి రెండుసార్లు తిప్పి పంపారు, ఆమె రెండుసార్లూ అదే సరైన పదాన్ని తిరిగి పంపింది. నేను బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ తెరిచి చూస్తే బటన్‌కు స్థిరమైన ఎత్తు, ఇంగ్లిష్‌కు సరిపోయే లైన్-హైట్ (వరుస ఎత్తు), బయటికి వచ్చినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో నియమం ఉన్నాయి. ర కింద ఉన్న ధ ఒత్తును పెట్టె అడుగు అంచు కత్తిరించేసింది. ఎత్తుకు బదులుగా కనీస ఎత్తు ఇచ్చి, లైన్-హైట్‌ను 1.6 చేయగానే ఒత్తు తిరిగి వచ్చింది. మన లిపిలో అక్షరం పైకి గుణింతంతో, కిందికి ఒత్తుతో పెరుగుతుందన్న సంగతి పలక మీద దిద్దుకున్న ప్రతివారికీ తెలుసు. ఆ తెలివిని కోడ్‌లోకి తీసుకురాగలవారు మాత్రం తక్కువ.

ఇదే కోవలోది పేర్ల సంగతి. "లక్ష్మి" మనకు రెండక్షరాల పేరు, కానీ జావాస్క్రిప్ట్‌ను పొడవు అడిగితే 7 అంటుంది, ఎందుకంటే కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో హల్లులు, పొల్లులు, గుణింతం వేర్వేరు గుర్తులుగా నిల్వ ఉంటాయి. ప్రొఫైల్ వృత్తంలో పేరు మొదటి అక్షరాన్ని చూపించమంటే "శ్రీనివాస్"కు "శ" మాత్రమే వస్తుంది. పదాన్ని మనం చూసే అక్షరాలుగా విడదీయడానికి జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) ఉంది, కానీ ఒత్తుల విషయంలో అన్ని బ్రౌజర్ వెర్షన్లూ ఒకేలా విడదీయవు కాబట్టి పరీక్షించి వాడాలి. ఇక ఇంటిపేరు ముందు రాసుకునే మన పద్ధతి, దానిని ఒక్క పొడి అక్షరంగా మిగిల్చే అలవాటు చివరి పేరు కనీసం రెండు అక్షరాలు ఉండాలనే ఫారాలతో రోజూ గొడవపడుతూనే ఉన్నాయి. మీరు ఇంటర్వ్యూలో ఇలాంటి ఒక్క సమస్యను తెర మీద చూపించి, కారణం చెప్పి, సరిచేసి చూపితే మిమ్మల్ని మరచిపోరు.

యూఎక్స్ వైపు నేర్చుకోవలసినదానికి సాధనాల కన్నా మనుషులు ఎక్కువ అవసరం. డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్ 1993లో ఆపిల్‌లో యూజర్ ఎక్స్‌పీరియన్స్ ఆర్కిటెక్ట్ అన్న హోదా తీసుకున్నప్పుడు, తెర మీది రూపానికే కాక ఒక వస్తువుతో మనిషికి కలిగే అనుభవం మొత్తానికీ ఆ మాట వర్తించాలనుకున్నారు. మన దగ్గర అది యూఐ/యూఎక్స్ అనే జంట పదంగా మారి, రంగులు, గుండ్రటి మూలలు అనే అర్థానికి కుదించుకుపోయింది. ఫిగ్మాలో కాంపోనెంట్లు (మళ్లీ మళ్లీ వాడుకునే భాగాలు), ఆటో లేఅవుట్ రావడానికి నెల రోజులు చాలు. వాడుక సౌలభ్యం మీద పనిచేసిన జాకబ్ నీల్సన్ 1994లో సవరించి ఇచ్చిన పది సూత్రాలను చదివి, మీరు రోజూ వాడే రెండు యాప్‌లకు వాటిని అన్వయించి రాయండి. ఐదుగురితో పరీక్షిస్తే చాలని ఆయన 2000లో రాసిన మాటను అందరూ చెబుతారు, కానీ ఆ మాట అసలు ఉద్దేశం ఐదుగురితో చూసి, సరిచేసి, మళ్లీ మరో ఐదుగురితో చూడమని. ఒక్కసారి చూసి ఊరుకోమని కాదు.

పక్కన కూర్చున్నప్పుడు నోరు మూసుకోవడం అన్నిటికంటే కష్టం. మనిషి తడబడుతుంటే "అక్కడ కాదండీ, ఇక్కడ నొక్కండి" అని అనాలనిపిస్తుంది. అలా అన్న క్షణంలో మీరు తెలుసుకోవలసినది పోయినట్టే.

పోర్ట్‌ఫోలియో గురించి మీరు విడిగా అడగలేదు కానీ ఉద్యోగం వచ్చేదీ రానిదీ ఎక్కువగా అక్కడే తేలుతుంది. నేను ఇంటర్వ్యూలు చేసేటప్పుడు వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో చాలావరకు ఒక ఆహార డెలివరీ యాప్ పునర్నిర్మాణం, ఒక సంగీత యాప్ పునర్నిర్మాణం, ఒక ఫిట్‌నెస్ యాప్ ఉంటాయి. ఒకే కోర్సులో ఒకే అసైన్‌మెంట్ చేసినవారు ఇరవై మంది అదే పంపుతారు. దానికి బదులు మీ వీధిలో నిజంగా ఉన్న ఒక సమస్యను తీసుకోండి. ఉదాహరణకు కిరాణా కొట్టులో అరువు ఖాతా. మీరు ఇంట్లో కూర్చుని గీస్తే మొదటి తెరలో కస్టమర్ పేరు, పది అంకెల మొబైల్ నంబరు తప్పనిసరి అని పెడతారు. కొట్టులో ఒక గంట నిలబడి చూస్తే కొట్టు యజమాని పుస్తకంలో "పాలాయన", "మేస్త్రి కొడుకు", "మేడింటి సుబ్బమ్మ" అని రాసి ఉంటాయి, మొబైల్ నంబర్లు ఉండవు. ఒక చేత్తో తూకం వేస్తూ రెండో చేత్తో పెన్ను పట్టుకుంటాడు, కాబట్టి మీ తెరలోని ముఖ్యమైన బటన్లన్నీ ఒక్క బొటనవేలికి అందాలి. పిండి అంటిన వేలితో నొక్కినా తప్పు గడి తెరుచుకోకూడదు. ఈ గమనింపులు మీ డిజైన్‌ను పూర్తిగా మార్చేస్తాయి, ఆ మార్పే మీ కథ అవుతుంది. దానిని ఫిగ్మా బొమ్మగా వదిలేయకుండా నిజంగా పనిచేసే పేజీగా కట్టి, ఆయన ఫోన్‌లో పెట్టి, వారం తరువాత వెళ్లి చూడండి. ఆయన వాడకపోతే ఎందుకు వాడలేదో కూడా రాయండి. విఫలమైన ప్రయత్నాన్ని నిజాయితీగా రాసినవారిని నేను ఎప్పుడూ తరువాతి రౌండుకు పిలిచాను. ఇలాంటివి రెండు చాలు, పది అక్కర్లేదు.

హోదాల పేర్లు మిమ్మల్ని గందరగోళపెట్టకూడదు. సర్వీస్ కంపెనీల్లో యూఐ డెవలపర్ అంటే ఎక్కువగా వేరెవరో ఇచ్చిన డిజైన్‌ను కోడ్‌గా మార్చే పని. ప్రొడక్ట్ డిజైనర్ అంటే పరిశీలన నుంచి తెరల దాకా చూసుకునే పని, కోడ్ సాధారణంగా అడగరు. ఫ్రంటెండ్ ఇంజినీర్ ఇంటర్వ్యూల్లో మన దగ్గర మెషిన్ కోడింగ్ రౌండ్ అనే పరీక్ష ఉంటుంది, గంటా గంటన్నరలో ఒక చిన్న కాంపోనెంట్‌ను మీరే రాయాలి. డిజైన్, కోడ్ ఈ రెండింటి నడుమ యూఎక్స్ ఇంజినీర్, డిజైన్ సిస్టమ్ బృందం, యాక్సెసిబిలిటీ (దివ్యాంగులు కూడా వాడగలిగేలా చేయడం) నిపుణులు అనే పనులు ఉన్నాయి. మీలాంటి నేపథ్యానికి నేను సూచించే తలుపు యాక్సెసిబిలిటీ. మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి యాక్సెసిబిలిటీ చట్టం అమలులోకి వచ్చింది కనుక, అక్కడి క్లయింట్లకు పనిచేసే హైదరాబాద్ కంపెనీలకు కూడా ఇది పట్టించుకోవలసిన విషయం అయింది. తెరను చదివి వినిపించే, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌ను వాడటం, అక్షరానికి, నేపథ్యానికి మధ్య 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉందో లేదో కొలవడం, కీబోర్డుతో పేజీ మొత్తం తిరగడం టెస్టర్‌గా మీరు వచ్చే వారం నుంచే మొదలుపెట్టగలరు. వెబ్ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలను పరిశీలిస్తే ఎక్కువగా దొరికే లోపం తగినంత కాంట్రాస్ట్ లేకపోవడమే, కాబట్టి మీకు పని దొరకదన్న బెంగ అక్కర్లేదు.

కోర్సు విషయానికి వస్తే, హెచ్‌టీఎంఎల్ నుంచి రియాక్ట్ దాకా నేర్చుకోవడానికి కావలసిన మంచి పాఠాలు ఉచితంగా ఉన్నాయి, వెబ్ సాంకేతికతలను వివరించే ఎండీఎన్ (MDN) పత్రాలు ఒక్కటే చాలా దూరం తీసుకెళ్తాయి. తోటివారు పక్కన ఉంటేనే చదవగలిగే స్వభావం మీదైతే మూడు నెలలు సొంతంగా చేసి చూసి, అప్పుడు కట్టండి. అప్పటికి ఎవరు బాగా చెబుతున్నారో మీకే తెలుస్తుంది. డిజైన్‌ను లోతుగా చదవాలనుకుంటే సీడ్ (CEED) ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట ఎం.డెస్ (డిజైన్‌లో మాస్టర్స్ డిగ్రీ) చేయడం గౌరవమైన మార్గం, మీ బీటెక్ దానికి సరిపోతుంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను: లేని అనుభవానికి ధ్రువపత్రాలు ఇస్తామనే కన్సల్టెన్సీల జోలికి వెళ్లవద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడి, చేరిన మూడో నెలలో ఉద్యోగం పోగొట్టుకున్న చురుకైన కుర్రవాడిని నేను దగ్గరగా చూశాను. అతనికి పని వచ్చు, ఆ అబద్ధం అవసరమే లేదు.

తెరలన్నీ ఏఐ గీసేస్తుంటే ఇదంతా ఎందుకని మీరు చివర్లో ఒక వాక్యం రాశారు. నేనూ ఆ సాధనాలను రోజూ వాడతాను. పుట్టిన తేదీకి గడి కావాలంటే అవి క్షణాల్లో చక్కటి క్యాలెండర్ ఇవ్వగలవు. 1958లో పుట్టిన మనిషికి అది పనికిరాదని తెలిసినవారు పక్కన ఉండి, మూడు గడులు కావాలని అడగాలి.

ఉద్యోగం మానవద్దని అన్నది ఒక్క జీతం కోసమే కాదు. మీరు ఇప్పుడు నిజమైన ఉత్పత్తి పక్కన, నిజమైన లోపాల జాబితాతో కూర్చుని ఉన్నారు, ఆ అవకాశం ఏ తరగతి గదిలోనూ దొరకదు. మీ బృందంలోని ఫ్రంటెండ్ లీడ్‌తో మాట్లాడి, మీరే పట్టుకున్న ఒక చిన్న లోపాన్ని మీరే సరిచేసి పుల్ రిక్వెస్ట్ (మీ మార్పును అసలు కోడ్‌లో కలపమనే అభ్యర్థన) పెడతానని అడగండి. ఎర్రర్ సందేశం రంగు సరిగా కనిపించకపోవడమో, ఒక గడికి లేబుల్ లేకపోవడమో అయితే మరీ మంచిది, ఎవరి పనికీ అడ్డు రాదు. మొదటిసారి రివ్యూలో పది వ్యాఖ్యలు వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా సరిచేసి మళ్లీ పంపండి, తరువాత రెండో లోపం అడగండి.